పిల్లికి జ్వరం గోళీ ఇచ్చిన పాపం నాదే

ఎడిటర్ గారికి నమస్కారం,

షాపు తెరిచిన కాడి నుంచి మీ పేపరే తెప్పిస్తున్న. పొద్దుగాల షట్టర్ లేపంగనే ముందు చూసేది మా జిల్లా పేజీ. అండ్ల కుక్క గురించి ఏదన్న వచ్చిందంటే అది కరిచిన వార్తే ఉంటది, కాదంటలేను, కరుస్తున్నయ్, మా గల్లీల సుత ఇద్దరు పిల్లలను కరిచినయ్. గని ఇండ్లల్ల సాదుకునే కుక్కకు ఏం రోగమొస్తది, పిల్లికి ఏ మందు ఎయ్యొద్దు అన్నది మాత్రం ఎక్కడ కనవడది. వ్యవసాయం పేజీల గొర్ల గురించి, బర్ల గాలికుంటు గురించి మంచిగనే రాస్తరు, ఇవి మాత్రం ఎవ్వరి లెక్కల లేవు. ఈ ఉత్తరం జర పొడుగైతది, మీకు జాగ లేకుంటే కోసుకోండి, పిల్లి సంగతి ఒక్కటి మాత్రం కొయ్యకున్రి.

నాది హన్మకొండల నయీంనగర్ దిక్కు చిన్న మెడికల్ షాపు, ఇరవై ఏండ్లు దాటింది. పోయిన చలికాలం ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి, షాపు కట్టేస్తుంటే, వెనక గల్లీల ఇంటర్ చదివే అమ్మాయి వచ్చింది. అంకుల్, మా పిల్లి పొద్దటి సంది ఏం తింటలేదు, చెవులు పట్టుకుంటే కాలుతున్నయ్, ఒక జ్వరం గోళీ ఇయ్యరా అన్నది. నేను పారాసిటమాల్ 650 ఒకటి కత్తిరించి ఇచ్చి, చిన్న పాణం కదా బిడ్డా, సగమే నూరి పాలల్ల పొయ్యి అని చెప్పిన. పైసలు సుత తీసుకోలే, పెద్ద ఉపకారం చేసిన అనుకున్న.

పొద్దుగాల వాళ్ల నాయన ఉరికొచ్చిండు. పిల్లి మొఖం ఉబ్బింది, ముందు కాళ్లు ఉబ్బినయ్, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, చిగుళ్లు చూస్తే ఎర్రగ లేవు, నల్లబెల్లం రంగుకు తిరిగినయ్. నా బండి మీదనే అట్టపెట్టెల పెట్టుకొని పశువుల డాక్టర్ దగ్గరికి తోలుకపోయినం. ఆయన చిగుళ్లు చూసి వేరే ఏం అడగలే, పారాసిటమాల్ ఎవరిచ్చిన్రు అన్నడు. అమ్మాయి నా దిక్కు చూసింది. మధ్యాహ్నానికి పిల్లి పోయింది.

అసలు సంగతి డాక్టర్ సాబ్ అప్పుడే చెప్పిండు, తర్వాత నేను పుస్తకాలల్ల సుత చదువుకున్న. మన కాలేయం ఈ మందును విరిచి బయటికి పంపేటందుకు ఒక ఎంజైమ్ వాడుతది, పిల్లుల్ల అది చాన తక్కువ. అందుకని మందు విషంగ మారి నెత్తుర్ల ఎర్ర కణాలను పట్టుకుంటది, అవి ఆక్సిజన్ మోసుడు బంద్ చేస్తయ్, అందుకే చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతయ్. లోపట్నుంచి ఊపిరాడక చస్తదన్నట్టు. నేను సగమే కదా అనుకున్న, ఆ సగం 325 మిల్లీగ్రాములు, పిల్లి బరువు మూడున్నర కిలోలు. అదే లెక్కన 60 కిలోల మనిషి ఒక్కసారే ఎనిమిది గోళీలకు పైన మింగినట్టు. రోజూ పిల్లల సిరప్ బరువును బట్టి ఇన్ని ఎంఎల్ అని తల్లులకు చెప్పేటోన్ని, ఆ రాత్రి ఈ లెక్క నాకెందుకు రాలేదో ఇప్పటికీ తెల్వది.

ఇంకొక మాట చెప్తే మీరు నవ్వుతరో ఏడుస్తరో. దీనికి విరుగుడు మందు ఉంది, ఎసిటైల్ సిస్టీన్ అని, మనుషులకు దగ్గుల తెమడ కరిగేటందుకు నీళ్లల్ల ఏసుకొని తాగే గోళీగ సుత అమ్ముతం. అది ఆ రాత్రి నా షాపుల రెండో అరల ఉండె. తొందరగ డాక్టర్ దగ్గరికి పోతే ఆయన లెక్క గట్టి ఇస్తడు, కొన్ని బతుకుతయ్. మేము పోయేవరకు తెల్లారింది.

ఇంతకు ఆ పిల్లికి జ్వరం ఉండెనా అంటే అది సుత గ్యారంటీ లేదు. మనకు 98.6 మామూలు, కుక్కకు పిల్లికి మామూలుగనే 101 నుంచి 102.5 దాక ఉంటది. మన చెయ్యికి అవి ఎప్పుడు పట్టుకున్నా వెచ్చగనే తగుల్తయ్. ముక్కు ఎండింది, చెవులు కాలుతున్నయ్ అని జ్వరం అనుకుంటే సగం సార్లు తప్పే. డిజిటల్ థర్మామీటర్ కొనకు జర వ్యాజిలైన్ రాసి ఎనక దిక్కు పెట్టి చూడాలె, 103 దాటితే అప్పుడు జ్వరం. ఆ థర్మామీటర్ మల్ల మనుషులకు వాడకున్రి, దాని మీద పేరు రాసి పక్కకు పెట్టుకోండి.

కుక్కకు ఇస్తే ఏం కాదు కదా అనేటోళ్లు ఉన్నరు. కుక్క, పిల్లి అంత నాజూకు కాదు గని, ఒళ్లు నొప్పులకు మనం మింగే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు పడవు, కడుపుల పుండ్లు పడి నల్లగ ఏరుగుతది, కిడ్నీలు పోతయ్. డైక్లోఫెనాక్ అంటే గుర్తొచ్చింది, పశువులకు ఆ సూది ఏసిన కళేబరాలు తిని రాబందులు ఎట్ల పోయినయో అందరికి తెలుసు, 2006ల పశువులకు వాడొద్దని బంద్ చేసిన్రు, అయినా మనుషుల పెద్ద సీసాలు తీసుకపోయి బర్లకు పొడుస్తున్నరని 2015ల మనుషుల సూది సుత 3 ఎంఎల్ దాంట్లనే అమ్మాలన్నరు. రాబందుల కోసం ఇంత చేసిన్రు, మంచిదే. ఇంట్ల కుక్కకు ఇవి ఎయ్యొద్దని మాత్రం షాపుల ఒక్క కాయితం అతికించినోడు లేడు. నేను అతికించిన, ఆ పిల్లి పోయినంక.

అప్పటి నుంచి మా షాపుకు కుక్కలకు పిల్లులకు మందులు అడుగుతూ ఎవరొస్తున్నరు, ఏం అడుగుతున్నరు అని ఒక నోట్‌బుక్కుల రాస్తున్న. అండ్ల అన్నిటికన్న ఎక్కువ వచ్చేది గోమార్ల జ్వరం. గోమార్లను పిడుదులు అని సుత అంటరు, ఈ జ్వరాన్ని డాక్టర్లు టిక్ ఫీవర్ అంటరు. వచ్చినోళ్లంత ఒక్కటే చెప్తరు, అన్నా, రెండు రోజుల సంది అన్నం ముడతలేదు, మూలకు పండుకుంటుంది, కొంచెం ఆకలి సిరప్ ఇయ్యి అని. నేను అడిగే మొదటి మాట, చెవుల్ల, కాలి ఏళ్ల సందుల గోమార్లు ఉన్నయా? ఆ ఉన్నయ్, తీసేసినం కదా అంటరు. తీసేసినా అది కరిచి రోగం ఎక్కిచ్చి పోయింది, వారం పది దినాలు అయినంక, ఒక్కోసారి మూడు వారాలకు బయటపడ్తది.

మన దగ్గర డెంగీ సీజన్ల ప్లేట్లెట్లు అంటే తెల్వనోళ్లు లేరు, గదే ప్లేట్లెట్లు ఈ గోమార్ల జ్వరంల సుత పడిపోతయ్. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి తెల్లకణాలల్ల చేరుతది, కుక్కకు ముక్కుల నుంచి నెత్తురు కారుతది, పొట్ట కింద వెంట్రుకలు లేని కాడ ఎర్ర చుక్కలు పడ్తయ్, చిగుళ్లు తెల్లగ పాలిపోతయ్. ముక్కుల నెత్తురు చూసి ఎండదెబ్బ అని ఉల్లిగడ్డ రసం పోసినోళ్లు ఉన్నరు, కుక్కలకు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అసలే పడవు, అవి మల్ల ఉన్న ఎర్రకణాలను పలగ్గొడ్తయ్, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. ఉచ్చ ఎర్రగ, చాయ డికాషన్ లెక్క వస్తే అది ఇంకో రకం, బబేసియా, దానికి మందు వేరే ఉంటది. రెండు ఒకటే కుక్కకు ఉండొచ్చు. అందుకనే నెత్తురు పరీక్ష చెయ్యకుంట మందు చెప్పుడు కుదరదు, ఎంత తెలివిగల మెడికల్ షాపోడైనా.

ఇండ్ల నాకు మస్తు కోపం వచ్చేది ఒకటుంది. గోమార్ల జ్వరానికి డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే గోళీలు 28 రోజులు రాస్తడు. ఐదు రోజులకు కుక్క లేచి తోక ఊపుతది, మటన్ బొక్క కొరుకుతది, ఇగ తగ్గిందని గోళీలు బంద్. మిగిలిన స్ట్రిప్పులు నాకు వాపస్ ఇయ్యడానికి తెస్తరు. రోగం పోలే, లోపట దాసుకుంది అంతే, కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏండ్లకు, ఎముకల మూలుగను పట్టి నెత్తురు తయారుకాకుంట చేస్తది, అప్పుడు ఎన్ని పైసలు పెట్టినా డాక్టర్ చేతుల్ల ఉండది. నేనైతే ఆ స్ట్రిప్పులు వాపస్ తీసుకోవుడు బంద్ చేసిన, తిట్టుకుంటే తిట్టుకోనీ.

గోమారి కుక్క మీద కన్న ఇంట్లనే ఎక్కువ ఉంటది. కడుపు నిండినంక రాలి, గోడ పగుళ్లల్ల, నులక మంచం సందుల్ల దూరి ఒక్కొక్కటి వేలల్ల గుడ్లు పెడ్తది. కుక్కకు మందు రాసి గోడలు మరిచిపోతే పదిహేను రోజులకు మల్ల గదే కథ. కిరసనాయిలు పొయ్యొద్దు, అగ్గిపుల్లతోటి కాల్చొద్దు, ఏళ్లతోటి నలపొద్దు, పట్టకారుతోటి తోలు దగ్గర పట్టుకొని గుంజి సబ్బునీళ్లల్ల ఎయ్యాలె. బర్ల మీద కొట్టే మందు అగ్గువ అని అందాజగ కలిపి కుక్కకు కొడితే ఫిట్స్ వచ్చి పడిపోయిన కేసు నా నోట్‌బుక్కుల ఉంది. నెలకొకటి, మూడు నెలలకొకటి నమిలే గోళీలు వచ్చినయ్ ఇప్పుడు, పిరమే గని పని చేస్తయ్. కుక్కల గోమార్ల పౌడర్లల్ల, చుక్కల మందులల్ల పర్మెత్రిన్ అనే మందు ఉంటే అది పిల్లికి మాత్రం తగలొద్దు. ఇంట్ల రెండు ఉండి, కుక్కకు రాసినంక పిల్లి పోయి దాని పక్కకు పండుకున్నా వణుకుడు మొదలైతది.

కుక్కపిల్లల సంగతి వేరే. రెండు మూడు నెలల లాబ్రడార్‌నో, షెపర్డ్‌నో హైదరాబాద్ నుంచి బస్సుల తెస్తరు, నాలుగోనాడు కక్కుడు మొదలు, తెల్లారేసరికి నెత్తురు విరేచనాలు, ఆ వాసన ఒక్కసారి వస్తే మరిచిపోలేం. పార్వో అది. మా దగ్గరికొచ్చి మోషన్స్ ఆగే గోళీ అడుగుతరు, ఓఆర్ఎస్ అడుగుతరు. తాగింది తాగినట్టే కక్కుతుంటే ఓఆర్ఎస్ ఏం చేస్తది, దానికి సెలైన్ ఎక్కించాలె, అదీ ఆ రోజే. 1978ల ఈ వైరస్ బయటపడి ఒకటి రెండేండ్లల్ల ప్రపంచమంత పాకింది, ఇప్పటికీ దీనికి వైరస్‌ను చంపే మందంటూ మామూలుగ దొరికేది లేదు, డీహైడ్రేషన్ కాకుంట కాపాడుకుంట పోవుడే.

టీకా ఏయించినం కదా అంటరు. ఎన్ని? ఒకటి. గదే తిప్పలు. తల్లిపాలతోటి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్ల ఉన్నన్ని రోజులు అది టీకాను సుత పని చెయ్యనియ్యది, అది ఎన్నడు పోతదో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలువెట్టి, మూడు నాలుగు వారాలకొకటి, పదహారు వారాలు నిండేదాక ఎయ్యాలె, ఏడాదికి మల్ల బూస్టర్. చచ్చిపోయినంక గదే ఇంట్ల గదే బొంత మీద పది రోజులకు ఇంకో పిల్లను తెచ్చిపెట్టినోళ్లు మా గల్లీలనే ఉన్నరు, అది సుత పోయింది. ఆ వైరస్ వాకిట్ల నెలల కొద్ది బతుకుతది, ఫినాయిల్‌కు చావది, ఒక పాలు బ్లీచ్‌కు ముప్పై పాళ్ల నీళ్లు కలిపి కడగాలె. పిల్లులకు సుత ఇసొంటిదే ఒకటుంది, దానికీ టీకా ఉంది, గని మన దిక్కు పిల్లికి టీకా అంటే నవ్వుతరు.

మగ పిల్లులు సాదేటోళ్లు ఇది ఒక్కటి గుర్తువెట్టుకోండి. పిల్లి ఊకె ఇసుక డబ్బలకు పోయి ముక్కుతుంది, ఏం వస్తలేదు, అరుస్తుంది, మలబద్ధకం సిరప్ ఇయ్యి అని వస్తరు. అది ఏరుగుడుకు ముక్కుతలేదు, ఉచ్చ ఆగింది. మగ పిల్లుల ఉచ్చ నాళం మస్తు సన్నగ ఉంటది, అండ్ల ఇసుక లెక్క కట్టి అడ్డం పడ్తది, ఒట్టి డ్రై ఫుడ్ తిని నీళ్లు సరిగ్గ తాగని వాటికి ఎక్కువ. ఒకటి రెండు రోజులల్ల నెత్తుర్ల పొటాషియం పెరిగి గుండె ఆగుతది. మొన్న ఉగాది ముందట ఒక సారు ఇట్లనే వచ్చిండు, నేను సిరప్ ఇయ్యలే, ఉచ్చ పోసిందా సార్ నిన్నటి నుంచి అన్న, గమనించలే అన్నడు, నడువుండ్రి ముందు డాక్టర్ దగ్గరికి అని కసిరిన. గొట్టం ఏసి తీసిన్రు, బతికింది. సారు నాకు మిఠాయి డబ్బ తెచ్చిచ్చిండు గని వెనక గల్లి అమ్మాయికి నేనేం ఇస్త?

ఇంకా నోట్‌బుక్కుల చానా ఉన్నయ్, అన్ని రాస్తే మీ పేపర్ పట్టది. ఐదారేండ్ల ఆడకుక్క ఎదకొచ్చి పోయిన నెల రెండు నెలలకు కుండలకు కుండలు నీళ్లు తాగుతుంటే, ఎనక చీము కారుతుంటే అది మల్ల ఎద గాదు, గర్భసంచిల చీము, ఆపరేషన్ చెయ్యకుంటే పోతది. గల్లీ కుక్కలకు ఎనక దిక్కు గోబీపువ్వు లెక్క గడ్డ లేచి నెత్తురు కారుతుంటే క్యాన్సర్ అని రాళ్లు కొడ్తరు, అది క్యాన్సరే గని ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు జతకట్టినప్పుడు అంటేది, వారానికొకటి కొన్ని సూదులతోటి చానా మట్టుకు మానుతది. ఇగ మే నెల ఎండల్ల హన్మకొండల హస్కీని డాబా మీద కట్టేసేటోళ్ల గురించి ఏం రాయాలె, రామగుండం దిక్కు అయితే మనుషులే మాడిపోతున్నరు, మంచు దేశపు బొచ్చు కుక్కను ఏ ధైర్యంతోటి కొన్నరో. ఎగపోస్తూ నాలిక ఎర్రగ కందిపోయి తూలుతుంటే ముందు మామూలు నీళ్లతోటి ఒళ్లంత తడిపి ఫ్యాన్ కిందికి తేవాలె, తర్వాతనే బండి ఎక్కియ్యాలె.

పిచ్చికుక్క రోగం గురించి మీరే అప్పుడప్పుడు రాస్తరు కాబట్టి రెండే మాటలు. కరిచిన కాడ కారం, సున్నం, పసుపు పెట్టుకొని మా షాపుకొస్తున్నరు ఇంకా, అవన్నీ కాదు, నల్లా కింద సబ్బుతోటి పదిహేను నిమిషాలు గడియారం చూసి కడుక్కొని అప్పుడు దవాఖానకు పోవాలె, చెప్పిన తారీఖులల్ల సూదులన్నీ పూర్తి చేసుకోవాలె. పిల్లి గీరినా గంతే. ఇంట్ల కుక్కకు మూడు నెలలు నిండంగనే రేబిస్ టీకా, తర్వాత ఏడాదికొకటి.

నేను అడిగేది ఏందంటే, మా మెడికల్ షాపోళ్లు కుక్కకు, పిల్లికి అని చెప్పి అడిగితే ఏ గోళీ చేతికి ఇయ్యొద్దు. ఇయ్యకుంటే పక్క షాపుకు పోతరు, యాభై రూపాయలు పోతయ్, నాకు తెలుసు. మీ పేపర్ వారానికొకసారి పావు పేజీ ఇయ్యాలె, మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడి డాక్టర్లతోటి సీజన్‌కు తగ్గట్టు రాయియ్యండి, వానకాలం గోమార్లు, ఎండకాలం వడదెబ్బ, గిట్ల. బర్ల డాక్టర్ కుక్కను ఏం చూస్తడు అనుకోని పశువుల దవాఖాన మెట్లు ఎక్కని వాళ్లు మస్తు మంది ఉన్నరు, ఊర్లల్ల అయితే ఇంకా ఎక్కువ, పరకాల, నర్సంపేట దిక్కు నుంచి ఫోన్ చేసి నన్ను మందు అడుగుతరు గని ఊర్లె ఉన్న డాక్టర్‌ను అడగరు.

మొన్న ఐతారం ఆ అమ్మాయి మల్ల షాపుకొచ్చింది. సంకల చిన్న పిల్లికూన, ఎవరో సంచిల కట్టి రోడ్డు పక్కన పారేస్తే తెచ్చుకుందట. అంకుల్, దీనికి పురుగుల మందు ఎయ్యాలంటున్నరు అన్నది, అని ఆగి, మీరు ఇయ్యకున్రి, బరువు చూసి చెప్పున్రి చాలు అన్నది. చంటిపిల్లలను తూచే కాంట దించి పండవెట్టి చూసిన, 700 గ్రాములు. చీటీ మీద తారీఖు, బరువు రాసి డాక్టర్‌కు చూపియ్యమని ఇచ్చిన. అది కాంట మీదనే ఉచ్చ పోసింది.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు ఓనర్,
నయీంనగర్, హన్మకొండ